బేరం తేలేదాకా చానెల్ తీయొద్దు

2024 సెప్టెంబరు 10 రాత్రి ట్రంప్, కమలా హారిస్ డిబేట్ నడిపింది డిస్నీ వాళ్ల టీవీ నెట్‌వర్క్ ఏబీసీ. అదే రాత్రి న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో, హ్యూస్టన్ లాంటి నగరాల్లో డైరెక్‌టీవీ అనే శాటిలైట్ సర్వీసు ఉన్న ఇళ్లలో ఏబీసీ రావడం లేదు. డిస్నీతో కాంట్రాక్టు గడువు తీరిపోయి, సెప్టెంబరు 1 ఆదివారం సాయంత్రం నుంచే ఏబీసీ సొంత స్టేషన్లు, క్రీడల చానెల్ ఈఎస్‌పీఎన్, మిగతా డిస్నీ చానెళ్లు ఆగిపోయి ఉన్నాయి. అప్పటికి డైరెక్‌టీవీ ఉన్న ఇళ్లు దాదాపు కోటీ పది లక్షలు. డిబేట్ కోసమని ఒక్క మూడు గంటలు ఏబీసీ ఇస్తామని డిస్నీ ముందుకొచ్చింది. కాసేపు తెరిచి మళ్లీ మూసేస్తే జనం అయోమయపడతారని డైరెక్‌టీవీ వద్దంది.

ఆ డిబేట్‌ని మిగతా నెట్‌వర్కులు కూడా చూపించాయి కాబట్టి, కావాలనుకున్న వాళ్లు ఎలాగోలా చూసే ఉంటారు. అయినా ఆ మూడు గంటల సంగతి నాకు మింగుడుపడలేదు. చానెల్ ఇవ్వడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. రెండు వైపులా సరేనంటే నిమిషాల్లో తెర మీదికి వస్తుంది. దాన్ని ఆపి ఉంచింది ఎదుటివాడి మెడలు వంచడానికే. ఆ వంచే బలం ఎక్కడినుంచి వస్తుందంటే, నెలనెలా బిల్లు కట్టి కూర్చున్న ఇంట్లోంచి వస్తుంది.

ఆ వారంలోనే టొరంటోలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. ఆయనకి టెన్నిస్ పిచ్చి. అమెరికాలో యూఎస్ ఓపెన్ జరుగుతుంటే అమెరికాలోనే లక్షల మందికి ఈఎస్‌పీఎన్ రావట్లేదని వార్తల్లో చూశాడట. "అదేంట్రా, రేటు కుదరకపోతే చానెల్ ఆపేస్తారా? మా దగ్గర గొడవ తేలేదాకా తీయడానికి వీల్లేదు కదా" అన్నాడు. ఇన్నేళ్లుగా ఇక్కడ అమెరికాలో ఉంటూ, ఇలా బేరం కుదరక చానెల్ ఆగిపోయే ఈ బ్లాకౌట్‌లని ఎండా వానల్లాగా మామూలు విషయంగా తీసుకుంటూ వచ్చిన నాకు, ఇంకో పద్ధతి ఉందన్న ఆలోచనే రాలేదు. ఆ ఫోన్ తర్వాత దీని మీద దొరికినంత చదివాను. చదివేకొద్దీ నా అభిప్రాయం గట్టిపడింది. కంపెనీలు ఎన్నాళ్లు బేరమాడుకున్నా సరే, ఆ బేరం నడిచినన్నాళ్లూ చానెల్ పాత రేటుకే వస్తూ ఉండాలి. కొత్త రేటు తేలాక, గడువు తీరిన రోజు నుంచి లెక్కగట్టి తేడా సర్దుకోవాలి. తెర ఆపే హక్కు ఆ మధ్యకాలంలో ఇద్దరిలో ఎవరికీ ఉండకూడదు.

టీవీ పాడైందనుకున్న పెద్దావిడ

మా పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. మేం ఉండేది ఊరి శివారు. కేబుల్ లైను ఇటువైపు రాలేదు, ఇంటర్నెట్ సంగతి చెప్పుకోకపోవడం మంచిది. ఇంటి కప్పు మీద డిష్ పెట్టుకోవడం తప్ప ఆవిడకి వేరే దారి లేదు. ఒక సాయంత్రం టీవీ పాడైంది, కాస్త వచ్చి చూడమని పిలిచింది. తీరా చూస్తే టీవీకి ఏమీ కాలేదు. ఆవిడ రోజూ చూసే లోకల్ స్టేషన్ ఒక్కటి రావట్లేదు. దాని బదులు నల్లటి తెర మీద కంపెనీ పెట్టిన నోటీసు ఉంది. స్టేషన్ యజమానులు అన్యాయంగా రేటు పెంచమంటున్నారని, మీ బిల్లు పెరగకూడదనే మేం పోరాడుతున్నామని దాని సారాంశం. ఆ అక్షరాలు ఆవిడకి ఆనవు. అందుకే బాక్సు ప్లగ్ పీకి పెట్టడం, రిమోట్‌లో బ్యాటరీలు మార్చడం అన్నీ చేసి, చివరికి నన్ను పిలిచింది.

ఆవిడ తరఫున నేనే కంపెనీకి ఫోన్ చేశాను. తప్పంతా స్టేషన్‌దేనని చెప్పారు. ఆ స్టేషన్ ఇచ్చిన నంబరుకి చేస్తే, మీ డిష్ కంపెనీ మాతో మాట్లాడటమే మానేసిందని రికార్డు చేసిన గొంతు వినిపించింది. ఇంతలో ఆవిడ, "నేను ఫోన్ చేశాను కదా, అయినా తీసేశారా?" అంది. ఏ ఫోన్ అని అడిగాను. అంతకుముందు రెండు వారాలుగా ఆ స్టేషన్ వార్తల కింద ఒక స్క్రోలింగ్ వేసిందట, ఈ చానెల్ పోకూడదంటే మీ కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా అడగండి అని. ఈవిడ బుద్ధిగా చేసింది, లైన్లో అరగంట ఆగి మరీ. తన మాట వల్ల పని జరుగుతుందని నమ్మింది.

ఈ గొడవల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. చానెల్ వాళ్లు స్క్రోలింగ్ వేసేదీ, డిష్ వాళ్లు నోటీసు పెట్టేదీ ఆవిడకి సమాచారం ఇవ్వడానికి కాదు. ఆవిడ కోపాన్ని పోగుచేసి ఎదుటివాడి మీదికి తోలడానికి. రేటు ఎంత అడుగుతున్నారో, ఎంత ఇస్తామంటున్నారో ఏ నోటీసులోనూ ఉండదు, ఎందుకంటే అవన్నీ రహస్య ఒప్పందాలు. వాళ్ల బేరంలో ఆవిడ సైనికురాలు, కానీ ఆ యుద్ధం దేనికో ఆవిడకి చెప్పరు. బిల్లులో ఏమైనా తగ్గిస్తారా అని నేను గట్టిగా అడిగితే అయిదు డాలర్లు తగ్గించారు. అడగని వాళ్లకి అదీ లేదు. యాంటెనా పెట్టుకోమని సలహా కూడా ఇచ్చారు. మా వైపు గుట్టలున్నాయి, సిగ్నల్ అందదు.

చానెల్ చేతికి బలం ఎప్పుడొచ్చింది

1992కి ముందు లోకల్ స్టేషన్ల సిగ్నల్‌ని కేబుల్ కంపెనీలు పట్టుకుని పైసా ఇవ్వకుండా పంచేవి. ఆ ఏడాది వచ్చిన కేబుల్ చట్టం దాన్ని మార్చింది. అధ్యక్షుడు బుష్ వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోని కూడా తోసిపుచ్చి మరీ చట్టం చేసింది. పెద్ద బుష్ పాలనలో అలా వీగిపోయిన వీటో అదొక్కటే. అప్పటినుంచి ప్రతి మూడేళ్లకీ స్టేషన్ ఒక దారి ఎంచుకోవాలి. నన్ను తప్పనిసరిగా చూపించాలి అని ఉచితంగా అడగొచ్చు, లేదా నా అనుమతి లేనిదే చూపించొద్దు అని రేటు అడగొచ్చు.

మొదటి విడతలో, 1993లో, కేబుల్ వాళ్లు నగదు ఇచ్చేది లేదని భీష్మించుకున్నారు. దానికి బదులుగా కొత్త చానెళ్లకి చోటిచ్చారు. ఏబీసీకి ఈఎస్‌పీఎన్2, ఫాక్స్‌కి ఎఫ్‌ఎక్స్ అలా దక్కినవే. నగదే కావాలని పట్టుపట్టిన సీబీఎస్‌కి ఆ విడతలో ఏమీ రాలేదు. ఈ రోజు మన బిల్లుల్లో కనిపించే గుత్త ప్యాకేజీకి ఒక పెద్ద వేరు ఇక్కడుంది. కావలసిన చానెల్ వెనకాల అక్కర్లేని చానెల్‌ని కట్టి పంపడం అప్పుడే అలవాటైంది.

1993లో సీబీఎస్ ఎందుకు ఓడిపోయిందో చూస్తే తర్వాతి కథ అర్థమవుతుంది. అప్పట్లో ఎక్కువ ఊళ్లలో కేబుల్ కంపెనీ ఒక్కటే. చానెల్ తీసేసినా జనం ఎక్కడికీ పోలేరు, కాబట్టి కంపెనీకి భయం లేదు. 1994లో డైరెక్‌టీవీ, 1996లో డిష్ నెట్‌వర్క్ వచ్చాయి. 1999లో వచ్చిన చట్టంతో లోకల్ స్టేషన్లని కూడా శాటిలైట్ మీద ఇవ్వడం మొదలైంది. ఇప్పుడు చానెల్ పోతే జనం పక్క కంపెనీకి మారిపోవచ్చు. పోటీ వస్తే రేట్లు తగ్గుతాయని మనం నేర్చుకున్నాం. ఇక్కడ మాత్రం పంచేవాళ్ల మధ్య పోటీ పెరిగేకొద్దీ, ఇచ్చేవాడి చేతికి బెదిరించే బలం వచ్చింది. 2000ల మధ్య వరకూ పెద్దగా లేని ఈ అనుమతి రుసుము తర్వాతి పదిహేనేళ్లలో ఏటా వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. అదంతా ఎవరి బిల్లులోంచి వెళ్లిందో వేరే చెప్పక్కర్లేదు.

రేటు ఒక్కటే అయితే గొడవలు ఇంత ముదరవు. ఈ చానెల్ ఎంత శాతం ఇళ్లకి తప్పనిసరిగా ఇవ్వాలి, ఏ ప్యాకేజీలో పెట్టాలి, వేరే కంపెనీకి ఇంతకన్నా తక్కువకి ఇస్తే మాకూ అదే ఇవ్వాలా, ఆ చానెల్ తన యాప్‌లో అవే కార్యక్రమాలు అమ్ముకోవచ్చా, వీటి మీదే అసలు పట్టుదలలు. 2024లో డైరెక్‌టీవీ అడిగింది కూడా ప్రధానంగా అదే, క్రీడలు వేరే ప్యాకేజీగా, వినోదం వేరే ప్యాకేజీగా అమ్ముకోనివ్వమని. ఆ విషయంలో నా సానుభూతి డైరెక్‌టీవీకే. ఆట చూడని ఇల్లు ఈఎస్‌పీఎన్ ఖర్చు ఎందుకు మోయాలి? కానీ న్యాయం తన వైపున్నవాడు చీకటి చేసినా, ఆ చీకటి పడేది ఆట చూడని ఆ ఇంటి మీదే కదా.

గొడవల క్యాలెండర్

బ్లాకౌట్‌లు ఎప్పుడు వస్తాయో వరసగా పెట్టుకుని చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2010 మార్చి 7న ఆస్కార్ వేడుక. ఆ రోజు తెల్లవారకముందే న్యూయార్క్ ప్రాంతంలో కేబుల్‌విజన్ కింద ఉన్న 30 లక్షల ఇళ్లకి ఏబీసీ పోయింది. వేడుక మొదలైన పావుగంటకి తిరిగొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో అదే కేబుల్‌విజన్‌కి ఫాక్స్ రెండు వారాలు ఆగింది. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు పోయాయి, మూడో మ్యాచ్‌కి ముందు రాజీ కుదిరింది. 2013 ఆగస్టులో టైమ్ వార్నర్ కేబుల్‌కి సీబీఎస్ నెల రోజులు లేదు, ఫుట్‌బాల్ సీజన్ వాకిట్లోకి వచ్చేసరికి రాజీ. 2023 ఆగస్టు 31న చార్టర్ అనే కేబుల్ కంపెనీకి డిస్నీ చానెళ్లు ఆగాయి, యూఎస్ ఓపెన్ మధ్యలో. సెప్టెంబరు 11 సోమవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు ఒప్పందం. 2024లో డైరెక్‌టీవీ, డిస్నీ రాజీ కుదిరింది సెప్టెంబరు 14 శనివారం పొద్దున. కాలేజీ ఫుట్‌బాల్ రోజు.

వారాల తరబడి కుదరని అంకె ఆట మొదలయ్యే గంటకి కుదిరిందంటే, ఆ అంకె వాళ్లకి ముందే తెలుసు. తెలిసిన అంకె దగ్గరికి ఎవరు ముందు వస్తారో చూడటానికి మధ్యలో అన్ని రోజులు చీకటి. గడువు తేదీలు కూడా యాదృచ్ఛికంగా పడవు. డిసెంబరు 31, ఆగస్టు 31 లాంటి తేదీలు ఎంచుకునేది ఆ వెంటనే పెద్ద ఆటలు ఉంటాయనే. చానెల్ వాడికి తన సరుకు గిరాకీ మీద ఉన్నప్పుడే గడువు తీరాలి మరి.

ఇంకా చిరాకు పుట్టించేది, గొడవతో ఏ సంబంధం లేనివాళ్లని కూడా లాగడం. 2013లో సీబీఎస్ తన వెబ్‌సైట్‌లోని ఎపిసోడ్లని టైమ్ వార్నర్ కేబుల్ ఇంటర్నెట్ వాడేవాళ్లందరికీ ఆపేసింది. వాళ్లలో టీవీ వేరే కంపెనీ దగ్గర తీసుకుని, అక్కడ సీబీఎస్‌కి డబ్బు కడుతున్నవాళ్లు కూడా ఉన్నారు. 2012 జూలైలో డైరెక్‌టీవీకి దాదాపు పది రోజులు ఎంటీవీ, నికలోడియన్, కామెడీ సెంట్రల్ లేకుండా చేసిన వయాకామ్, తన సైట్‌లో ఉచితంగా ఉన్న కొన్ని ఎపిసోడ్లని దేశం మొత్తానికీ తీసేసింది. పక్కదారిన చూసేస్తారేమోనని.

పాత కేసు, కొత్త యజమాని

అదే 2012లో డిష్ నెట్‌వర్క్ జూలై 1 నుంచి అక్టోబరు దాకా ఏఎంసీ చానెల్‌ని తీసేసింది. ఆ చానెల్‌లో దేశమంతా మాట్లాడుకునే సీరియల్స్ నడుస్తున్న రోజులవి. చూసేవాళ్లు తక్కువ, అడిగే రేటు ఎక్కువ అని డిష్ చెప్పింది. ఏఎంసీ మాత్రం ఇది రేటు గొడవే కాదంది. దాని వెనక ఏఎంసీ కంపెనీకే చెందిన వూమ్ అనే హెచ్‌డీ చానెళ్ల మీద కోర్టులో నలుగుతున్న కేసు ఉంది. ఆ చానెళ్లని మోస్తానని చేసుకున్న పదిహేనేళ్ల ఒప్పందాన్ని 2008లో డిష్ రద్దు చేసింది, దాని మీద వాళ్లు కోర్టుకెక్కారు. 2012 అక్టోబరులో ఆ కేసు రాజీ అయింది, డిష్ 70 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఏఎంసీ వెంటనే తెర మీదికి తిరిగొచ్చింది. డిష్ ఉన్న కోటీ నలభై లక్షల ఇళ్లలో వూమ్ పేరు విన్నవాళ్లు ఎందరుంటారు? వాళ్లు నెలల తరబడి కోల్పోయింది మాత్రం ఆ కేసు వేడిలోనే.

హెచ్‌బీఓ కథ ఇంతకన్నా పెద్దది. హెచ్‌బీఓ యజమాని టైమ్ వార్నర్‌ని (ఇది ఆ కేబుల్ కంపెనీ కాదు, వేరే కంపెనీ) ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ కొనబోతుంటే అమెరికా న్యాయశాఖ కోర్టుకెళ్లి అడ్డుపడింది. డైరెక్‌టీవీ అప్పటికే ఏటీ అండ్ టీ చేతిలో ఉంది. చానెళ్లూ వాళ్లవే, డిష్షూ వాళ్లదే అయితే, పోటీ కంపెనీలకి చానెళ్లు ఆపుతామని బెదిరించడం తేలికవుతుందన్నది న్యాయశాఖ వాదన. 2018 జూన్‌లో జడ్జి రిచర్డ్ లియాన్ ఆ వాదన కొట్టేశారు. ఆ నవంబరు 1న డిష్ నెట్‌వర్క్‌లో హెచ్‌బీఓ పోయింది. నలభై ఏళ్లు దాటిన హెచ్‌బీఓ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. తిరిగొచ్చింది 2021 జూలై చివర్లో. ఇద్దరూ తప్పు ఎదుటివాడిదే అన్నారు, ఏది నిజమో బయటివాళ్లం తేల్చలేం.

ఈ కథలో నాకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. కేసు నడుస్తుండగా, టర్నర్ చానెళ్ల (సీఎన్‌ఎన్, టీఎన్‌టీ వగైరా) విషయంలో ఏటీ అండ్ టీ తనంతట తానే ఒక హామీ ఇచ్చింది. రేటు కుదరకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్దాం, తీర్పు వచ్చేదాకా చానెల్ ఆపం, ఏడేళ్లు ఇదే పద్ధతి అని. అప్పీలు కోర్టు ఆ హామీని లెక్కలోకి తీసుకుంది. హెచ్‌బీఓకి ఆ హామీ లేదు. హామీ లేని చానెలే దాదాపు మూడేళ్లు చీకట్లో ఉంది.

అన్నయ్య చెప్పిన రూలు

కెనడాలో ప్రసారాలని చూసే సీఆర్‌టీసీ నియమాల్లో ఇది యథాతథ స్థితి నిబంధన. కాంట్రాక్టు మీద వివాదం మొదలైతే, అది పరిష్కారమయ్యేదాకా పాత రేట్లు, పాత షరతులతోనే చానెల్ ఇవ్వాలి, ఇవతలివాళ్లు చూపించాలి. ఎంతకీ కుదరకపోతే ఆఖరి ఆఫర్ పద్ధతి. ఇద్దరూ తమ చివరి అంకెని ముందు పెడతారు, రెండిట్లో ఒకటి ఎంపికవుతుంది, మధ్యే మార్గం ఉండదు. అందుకని మరీ గొంతెమ్మ కోరిక అడిగినవాడికే నష్టం.

ఇది అమెరికాకి కొత్తేమీ కాదని తెలిసినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మర్డోక్ కంపెనీ న్యూస్ కార్ప్ డైరెక్‌టీవీని చేజిక్కించుకున్నప్పుడు, దానికి అనుమతిస్తూ అమెరికాలో ప్రసారాలని చూసే ఎఫ్‌సీసీ ఇలాంటి షరతే పెట్టింది. ఫాక్స్ స్టేషన్ల మీద వివాదం వస్తే పోటీ కంపెనీ మధ్యవర్తిత్వం కోరొచ్చు, ఆ సమయంలో చానెల్ ఆగకూడదు, ఆఖరి ఆఫర్లలో ఒకటి ఎంచుకోవాలి. 2011లో ఎన్‌బీసీ యూనివర్సల్‌ని కామ్‌కాస్ట్ తీసుకున్నప్పుడూ అలాంటి ఏర్పాటే చేశారు. అంటే పద్ధతి తెలుసు, రాత తెలుసు, అమలు చేసిన అనుభవమూ ఉంది. విలీనం జరిగినప్పుడు జనానికి అవసరమనిపించిన రక్షణ, విలీనం లేని రోజు ఎందుకు అనవసరమైపోతుందో నాకు అర్థం కాదు. నల్ల తెర ముందు కూర్చున్న మనిషికి అవతలి కంపెనీ యజమాని ఎవరైతే ఏమిటి?

నా అనుమానాలు

వాదన ఇంత సాఫీగా ఉంటే ఎప్పుడో జరిగిపోయేది. నన్ను ఆలోచనలో పడేసిన అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి.

పాత రేటుకే నడవాలంటే డిష్ కంపెనీకి తొందరేముంటుంది, ఏళ్ల తరబడి సాగదీస్తుంది కదా అంటారు. ఇది న్యాయమైన మాటే. కానీ కొత్త రేటుని వెనక తేదీ నుంచి, వడ్డీతో సహా వసూలు చేయించే ఏర్పాటు ఉంటే సాగదీసి లాభం లేదు. మూడు నెలలు దాటితే మధ్యవర్తి దగ్గరికి వెళ్లాల్సిందేనని గడువు పెడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది, దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చానెల్ తీసేసే ధైర్యం లేకపోతే రేట్లకి అడ్డూ అదుపూ ఉండదంటారు. 2014లో కేబుల్ వన్, సడెన్‌లింక్ అనే రెండు చిన్న కేబుల్ కంపెనీలు వయాకామ్ చానెళ్లని మొత్తంగా వదిలేశాయి, వేరే చానెళ్లు పెట్టుకున్నాయి. ఏళ్లు గడిచినా ఆ కంపెనీలు మునిగిపోలేదు. అదే ఏడాది జనవరిలో డైరెక్‌టీవీ వెదర్ చానెల్‌ని దాదాపు మూడు నెలలు తీసేసింది. వాతావరణం పేరు పెట్టుకుని రియాలిటీ షోలు చూపిస్తున్నారని జనం మొత్తుకుంటున్నారంది. ఏప్రిల్‌లో రాజీ కుదిరినప్పుడు, వారం మధ్య రోజుల్లో ఆ షోలని సగానికి తగ్గించడానికి వెదర్ చానెల్ ఒప్పుకుంది. ఇవి చూశాక "ఆపే హక్కే వద్దు" అని గంపగుత్తగా అనలేకపోయాను. వద్దనే హక్కు లేని కొనుగోలుదారుకి బేరం ఉండదు.

బాగా ఆలోచించాక నాకు తోచింది ఇది. వదిలేయడం వేరు, బెదిరించడానికి ఆపడం వేరు. ఒక కంపెనీ ఒక చానెల్ అక్కర్లేదనుకుంటే వదిలేయనివ్వండి. అయితే మూడు నెలల ముందు చెప్పాలి, ఆ చానెల్ ఖర్చు మేరకు బిల్లు తగ్గించాలి, ఏడాది దాకా తిరిగి పెట్టకూడదు. అప్పుడు నిజంగా వద్దనుకున్నవాడే వదులుతాడు. కేబుల్ వన్ చేసింది ఈ నియమం కింద కూడా నిలబడుతుంది. ఆట మొదలయ్యేలోపు తిరిగొచ్చే పది రోజుల చీకట్లు మాత్రం నిలబడవు. అలాగే చానెల్ కూడా ఆ కంపెనీకి అమ్మనని వెళ్లిపోవచ్చు, అదే షరతుతో. ఏడాది పాటు తన ప్రకటనల ఆదాయాన్ని అన్ని ఇళ్ల మేర వదులుకోవడానికి ఎన్ని చానెళ్లు సిద్ధపడతాయో చూద్దాం.

ఈ నియమం అందుకోలేనివీ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్స్ ఆటల కోసం 2014లో పెట్టిన స్పోర్ట్స్‌నెట్ ఎల్ఏ చానెల్‌ని డైరెక్‌టీవీ 2020 దాకా తీసుకోలేదు. ఆ జట్టుకి 67 ఏళ్లు వ్యాఖ్యానం చెప్పిన విన్ స్కల్లీ 2016లో రిటైరయ్యారు. ఆయన చివరి సీజన్లలో ఆ నగరంలో చాలా ఇళ్లకి ఆయన గొంతు టీవీలో వినపడలేదు. ఆఖరి ఆరు ఆటలని కేటీఎల్ఏ అనే లోకల్ స్టేషన్‌లో కూడా వేశారు. కొత్త చానెల్‌కి పాత రేటు అనేది లేదు కాబట్టి యథాతథ స్థితి అక్కడ పనిచేయదు. అందరి బిల్లు మీదా భారం పడుతుందన్న డైరెక్‌టీవీ వాదనలో నిజముంది. కానీ ఆ చానెల్ తీసుకోకుండా ఉండే విషయంలో పోటీ కంపెనీలతో లోపాయికారీగా సమాచారం పంచుకున్నారని న్యాయశాఖ 2016 నవంబరులో డైరెక్‌టీవీ మీద కేసు వేసింది. మరుసటి ఏడాది రాజీతో అది ముగిసింది. జనం బిల్లు కోసం పోరాడుతున్నామనే మాటని ఆ తర్వాత నేను అంత తేలిగ్గా నమ్మలేకపోతున్నాను.

మరో మాట తరచుగా వినిపిస్తుంది. డిష్‌లూ కేబుళ్లూ పోయే కాలం వచ్చింది, అందరూ ఇంటర్నెట్‌కి మారుతున్నారు, ఇప్పుడు ఈ గొడవ ఎందుకని. 2025 అక్టోబరు 30 రాత్రి యూట్యూబ్ టీవీలో డిస్నీ చానెళ్లు పోయాయి, నవంబరు 14 దాకా రాలేదు. వైరు మారింది, గొడవ వచ్చి ఆ వైరెక్కింది. పైగా మా పక్కింటావిడ లాంటివాళ్లకి మారడానికి వేరే వైరే లేదు.

రెండేళ్ల కాంట్రాక్టు

సొంత ఆస్తిని అమ్మాలా వద్దా అన్నది యజమాని ఇష్టం, ప్రభుత్వానికేం పని అనేవాళ్లకి నా దగ్గర సగం జవాబే ఉంది. లోకల్ స్టేషన్ల విషయంలో జవాబు సులువు. వాళ్లు వాడుకునే గాలి తరంగాలు జనానివి, లైసెన్సు జనహితం పేరు మీద ఇచ్చింది. ఈఎస్‌పీఎన్, ఏఎంసీ లాంటివాటికి అది వర్తించదు. నిజాయితీగా బేరమాడాలన్న ఎఫ్‌సీసీ నియమం కూడా ప్రసార స్టేషన్లకే. ఆ మాటకొస్తే, స్టేషన్ల విషయంలో కూడా చానెల్‌ని బలవంతంగా కొనసాగించే అధికారం తనకి లేదని 2011లో ఎఫ్‌సీసీ తేల్చేసింది. చట్టం మారితే తప్ప కుదరదు.

మిగతా సగం జవాబు వినియోగదారుడి కాంట్రాక్టులో ఉంది. డిష్ పెట్టించుకునేటప్పుడు రెండేళ్లకి సంతకం చేయించుకుంటారు. మధ్యలో మానేస్తే మిగిలిన నెలలకి లెక్కగట్టి ఫీజు వేస్తారు. చానెళ్లు ఎప్పుడైనా మారొచ్చు, తీసేయొచ్చు అని అదే కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పక్కింటావిడ కాగితాలు ముందేసుకుని చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇచ్చేది ఎప్పుడైనా తగ్గించుకునే హక్కు ఒకవైపుకి, కట్టేది రెండేళ్లూ కట్టాల్సిన బాధ్యత రెండోవైపుకి. కంపెనీల స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు ఈ కాగితం దగ్గర ఎందుకు మౌనంగా ఉంటారు?

2024 జనవరిలో ఎఫ్‌సీసీ, బ్లాకౌట్ జరిగిన రోజులకి డబ్బు వెనక్కివ్వాలని ఒక ప్రతిపాదన పెట్టింది. మంచిదే, కానీ అది నాకు సరిపోదు. తిరిగిచ్చే రెండు మూడు డాలర్లకి కంపెనీలు భయపడవు, ఆ రోజుల్లో చానెల్‌కి కట్టాల్సిన రుసుము ఎలాగూ మిగులుతుంది. 2019 చివర్లో కాంగ్రెస్ చేసిన టీవీ వీక్షకుల రక్షణ చట్టం కొత్తగా చేరేవాళ్లకి మొత్తం బిల్లు ముందే చెప్పాలంది, నచ్చకపోతే 24 గంటల్లో ఫీజు లేకుండా మానుకోవచ్చంది. ఆ చట్టంలోనే చేర్చమని మా ప్రతినిధుల సభ సభ్యుడికి ఉత్తరం రాశాను. గడువు తీరిన ఒప్పందం తొంభై రోజులు పాత షరతులతో నడవాలి, ఆ తర్వాత ఆఖరి ఆఫర్ పద్ధతిలో తేలాలి, స్టేషన్లకీ కేబుల్ చానెళ్లకీ ఒకే నియమం ఉండాలి. అప్పటికీ చానెల్ ఏ కారణంతో పోయినా, కప్పు మీది డిష్ తీయించుకుని ఫీజు లేకుండా వెళ్లిపోయే హక్కు ఆ ఇంటికి అదే రోజున రావాలి. కేబుల్ చానెళ్లని కలపడం కోర్టులో నిలవదని ఒక లాయరు మిత్రుడు అంటున్నాడు. అదే నిజమైతే ముందు స్టేషన్లతో మొదలుపెట్టమని అడుగుతాను. ఫీజు లేకుండా వెళ్లిపోయే హక్కుకి మాత్రం ఏ కోర్టు అడ్డమూ ఉన్నట్టు అతనూ చెప్పలేకపోయాడు.